తోక లేని అతుకు

మా ఐటీఐకి ఆ యంత్రం వచ్చిన రోజు కొబ్బరికాయ నా చేతే కొట్టించారు. వెల్డింగ్ చెప్పేది నేనే కాబట్టి అది న్యాయమే. కాయ ఒక్క దెబ్బకు చక్కగా రెండు చెక్కలైంది. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

యంత్రమంటే పెద్దగా ఏమీ లేదు. టీవీ లాంటి ఒక తెర, ఒక బల్ల, తలకు పెట్టుకునే హెల్మెట్, వెల్డింగ్ రాడ్ పట్టుకునే హోల్డర్‌ను పోలిన ఒక ప్లాస్టిక్ పిడి. కరెంటు తీగ ఉంది గాని నిప్పు లేదు, పొగ లేదు, వాసన లేదు. హెల్మెట్ పెట్టుకుంటే లోపల ఇనుప ప్లేటు కనిపిస్తుంది, రవ్వలు ఎగురుతాయి, చెవిలో చిటచిటమని చప్పుడు కూడా వస్తుంది. తీసేస్తే ఏమీ ఉండదు. కంటికి కనిపించేదంతా మాయేనని మా కీర్తనకారులు చెబుతుంటే ఏళ్ల తరబడి తల ఊపినవాణ్ణి నేను. అదే మాయను పెట్టెలో సర్ది పుణె నుంచి లారీలో పంపిస్తే మాత్రం నాకు ఒళ్లు మండింది.

"చౌగులే సర్, ముందు మీరే" అన్నారు ప్రిన్సిపాల్ నింబాళ్కర్ గారు.

నా తరగతి పిల్లలు పన్నెండు మందీ చుట్టూ నిలబడ్డారు. నేను మెడలోని తులసిమాలను చొక్కా లోపలికి దోపుకొని, కళ్లు మూసి పండరి విఠోబాను తలచుకొని, ఇరవై ఏళ్లకు పైగా వేస్తున్నట్టే ఒక అతుకు వేశాను. తెర మీద నూటికి నలభై ఆరు అని పడింది. లోపలి నుంచి ఒక ఆడగొంతు శుద్ధమైన పుణె మరాఠీలో, "ప్రయత్నం బాగుంది. మళ్లీ చేయండి" అంది.

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వితే తిట్టడానికి వీలుండేది. వాళ్లు నేల చూపులు చూస్తూ, నా మీద జాలి పడ్డారు. ఎలక్ట్రీషియన్ తరగతి చెప్పే ఘాట్గే మాత్రం వెనక నుంచి అందుకున్నాడు.

"కొల్హాపూర్‌లో పుట్టి మటన్ ముట్టకపోతే చేతికి పట్టెక్కడి నుంచి వస్తుంది సర్?"

హెల్మెట్ బిగుతుగా ఉందన్నాను. కళ్లజోడు అడ్డమొచ్చిందన్నాను. అసలు యంత్రాన్ని దక్షిణ ముఖంగా పెట్టారు, దాంతో ఏం మంచి జరుగుతుందన్నాను. నింబాళ్కర్ గారు మర్యాదస్థులు. నలుగురు పిల్లల్ని పిలిచి దాన్ని తూర్పుకు తిప్పించారు. ఈసారి నలభై నాలుగు వచ్చింది.

ఇంటికెళ్లాక వత్సల అడిగింది. "ఎన్ని మార్కులొచ్చాయన్నారు?"

"నలభై ఆరు."

"మరి పాసేగా?" మా ఆవిడ ముప్పై అయిదుకి పాసయ్యే రోజుల్లో చదువుకుంది.

"దక్షిణానికి తిరిగి ఉందది. తిప్పించాను."

"తిప్పాక ఎంత?"

నేను ఇంకో జొన్న భాకరీ వడ్డించమన్నాను.

ఇక్కడ నా పద్ధతి గురించి చెప్పాలి. రాడ్‌ను ఎంత వేగంగా నడపాలన్నది నోటితో చెప్పడం కష్టం. పుస్తకంలో నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని ఉంటుంది. చేతిలో రాడ్, కళ్లెదుట మంట ఉన్నవాడు నిమిషాలెక్కడ లెక్కపెడతాడు? అందుకని నేను నామం నేర్పేవాణ్ణి. ఆషాఢంలో పండరపురానికి నడిచేటప్పుడు మా దిండీలో, అంటే మా భజన గుంపులో, అందరం తాళాలు కొట్టుకుంటూ "విఠోబా, రఖుమాయి" అని ఒకే అడుగుగా నడుస్తాం. చెయ్యి కూడా అలాగే నడవాలని చెప్పేవాణ్ణి. విఠోబా అన్నప్పుడు ఇంత, రఖుమాయి అన్నప్పుడు ఇంత. పిల్లలు ఇట్టే పట్టేసేవాళ్లు. సమీర్ ముల్లాణీ అనే కుర్రవాడు ఇంట్లో తలుపుకి గొళ్లెం అతుకుతూ అదే అంటుంటే వాళ్ల నాన్న ఇదేమిట్రా అన్నాడట. "అది వెల్డింగ్ భాష, అబ్బాజాన్" అన్నాడట వీడు.

షిరోలీ కార్ఖానాల్లో ఏ ఫోర్‌మన్ కలిసినా, "మీ శిష్యుల అతుకు చూడగానే తెలిసిపోతుంది మాస్తర్" అనేవాడు. నేను చేతులు జోడించి, అంతా ఆయన దయ అనేవాణ్ణి. ఆయన అంటే విఠోబా. లోపల మాత్రం అది నా గొప్పేనని అనుకునేవాణ్ణి.

యంత్రం వచ్చిన వారానికి నింబాళ్కర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. షిరోలీలో ట్రాక్టర్ ట్రాలీలు చేసే ఒక కంపెనీ ఈ నెలాఖరున మన దగ్గరికే వచ్చి పిల్లల్ని ఎంచుకుంటుందట. ముందు ఇలాంటి యంత్రం మీదే పరీక్ష. డెబ్బై రానివాణ్ణి అసలు ప్లేటు ముట్టుకోనివ్వరు. డెబ్బై దాటినవాళ్లు నిజం ప్లేటు మీద అతుకు వేసి చూపించాలి.

"ఎంచుకోవడానికి మీ ఖోత్ వస్తున్నాడు. మీ పాత విద్యార్థే" అన్నారు ఆయన, నాకు ధైర్యం చెబుతున్నట్టు.

తరగతిలో ఈ మాట చెప్పగానే అందరికంటే ముందు లేచింది ప్రాజక్త మగ్దుమ్. తరగతి మొత్తంలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆజ్రా వైపు నుంచి వచ్చింది. జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజలు ఒలిచే పని మానేసి మా దగ్గర చేరింది. జీడి నూనె తాలూకు నలుపు వేళ్ల మీద ఇంకా పోలేదు.

"డెబ్బై రాకపోతే ఇంకో ఛాన్స్ ఉండదా సర్?"

"వచ్చే ఏడాది."

"వచ్చే ఏడాది దాకా మా ఇంట్లో ఆగరు సర్. వానలు పట్టేలోగా వస్తే నా పీట నాకే ఉంచుతానన్నాడు ఫ్యాక్టరీ సేఠ్. అమ్మ రేపే రమ్మంటోంది." నల్లబడ్డ వేళ్లు నా ముందు చాచింది. "నిప్పు తగిలి కాలితే మానుతుంది సర్. ఈ నలుపు మానదు."

"నువ్వు నా శిష్యురాలివి. ఖోత్ నా శిష్యుడు. ఇక భయమెందుకు?" అన్నాను. అప్పటికి నా మార్కులు నలభై ఆరే అన్న సంగతి నేను మరిచిపోయాను. ఆ పిల్ల మరిచిపోలేదు.

మర్నాటి నుంచి పన్నెండు మందినీ యంత్రం మీద కూర్చోబెట్టాను. ఒక్క మంచి మాత్రం ఒప్పుకోవాలి. రాడ్లు ఖర్చవుతాయని ఇదివరకు ఒక్కో పిల్లవాడికి రోజుకి రెండో మూడో ఇచ్చేవాళ్లం. ఇక్కడ ఎన్నిసార్లు తప్పు చేసినా ఎవరి సొమ్మూ పోదు. అయితే వాళ్లు ఎన్నిసార్లు చేసినా తప్పే చేశారు. యాభై అయిదు, అరవై, అరవై మూడు. ప్రాజక్తకి అరవై నాలుగు. అక్కడి నుంచి ఎవరూ పైకి కదల్లేదు.

ఒకరోజు భోజనాల వేళ ఘాట్గే తరగతి కుర్రాళ్లు సరదాకి వచ్చి హెల్మెట్ పెట్టుకున్నారు. వాళ్లు జీవితంలో రాడ్ పట్టుకొని ఎరుగరు. ఒకడికి డెబ్బై ఎనిమిది, ఇంకొకడికి ఎనభై ఒకటి వచ్చింది.

"మా వాళ్లకి ఎవరూ వెల్డింగ్ నేర్పలేదు సర్, అందుకే!" అన్నాడు ఘాట్గే. వేళాకోళానికే అన్నాడు పాపం. అందులో ఎంత నిజముందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

నేను ఆ ఇద్దరు ధీరుల్నీ వర్క్‌షాపులోకి తీసుకెళ్లి నిజం రాడ్ చేతికిచ్చాను. మొదటి రవ్వ ఎగరగానే ఒకడు వెనక్కి గెంతి నీళ్ల బకెట్లో కాలు పెట్టాడు. నాకు ఆ పూట సగ్గుబియ్యం కిచిడీ మరీ రుచిగా అనిపించింది. మాల వేసుకున్నవాడికి ఉండాల్సిన బుద్ధి కాదది, తెలుసు. అయినా ఇంకో గరిటె వేయించుకున్నాను.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక ప్రాజక్త తెర ముందే ఉండిపోయింది.

"సర్, ఒకసారి ఇటు రండి. మీకు కోపం రాదంటే ఒకటి చూపిస్తాను."

"కోపమెందుకొస్తుంది?" అన్నాను, అప్పటికే సగం వచ్చిన కోపంతో.

చెయ్యి ఎంత వేగంతో నడిచిందో యంత్రం ఒక గీతగా గీసి దాచుకుంటుందట. ఆ పిల్ల పన్నెండు మంది గీతల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మొదట్లో అన్నీ నిమ్మళంగా సాగాయి. మధ్యలో కొద్దిగా లేచాయి. చివరికొచ్చేసరికి అన్నీ కలిసికట్టుగా కొండెక్కాయి. ఒకే ఇంట్లోవాళ్లకి ఒకే ముక్కు వచ్చినట్టుంది. తర్వాత నా గీతను తెచ్చి పైన పెట్టింది. ఆ ముక్కు ఎవరి నుంచి వచ్చిందో ఇక చెప్పక్కర్లేదు.

"ఘాట్గే సర్ పిల్లల గీత చూడండి. అంత అందంగా లేదు గాని, చివర లేవలేదు. మనం చివర్లో పరుగెత్తుతున్నాం సర్."

"అంటే నామంలో తప్పుందంటావా?"

"నామంలో కాదు సర్. పరుగులో."

"ఇదంతా బొమ్మ! ప్లేటు మీద చూపిస్తా, పద" అన్నాను.

వర్క్‌షాపులో మంచి ప్లేటు తీసుకొని, మంచి రాడ్ పెట్టి, నామం చెప్పుకుంటూ అతుకు వేశాను. చల్లారాక సుత్తితో పైనున్న నల్ల పెచ్చు రాలగొట్టాను. అతుకు మెరుస్తూ, అలలు అలలుగా ఎంతో బాగా వచ్చింది. చివర ఒక్క అంగుళం మాత్రం సన్నబడి, బల్లి తోకలా అయి, కొసన చిన్న గుంట పడింది. ఆ గుంటలో వెంట్రుకవాసి పగులు. అది నాకు కొత్తేమీ కాదు. నా అతుకు చివర ఎప్పుడూ అలాగే ఉంటుంది. అందుకే దాని మీద గ్రైండర్ పెట్టి సాపు చేయడం ఎలాగో పిల్లలకి ప్రత్యేకంగా ఒక పాఠం చెప్పేవాణ్ణి. నా తప్పును దాచిపెట్టే విద్య నేనే నేర్పి, దానికి పరీక్ష కూడా పెట్టి మార్కులు వేసేవాణ్ణి.

ప్రాజక్త గ్రైండర్ వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుంది.

ఇంటికెళ్తూ దారిలోనే ఖోత్‌కి ఫోన్ చేశాను. పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు గాని, నా ఫోన్‌కి ఇంకా లేచి నిలబడి మాట్లాడతాడని నా నమ్మకం.

"ఒరేయ్ సంతాజీ, నా శిష్యుల అతుకు చూడగానే తెలిసిపోతుందంటారు కదా. ఎలా తెలుస్తుందిరా?"

"ఇప్పుడెందుకు సర్ అవన్నీ?"

"చెప్పరా."

"చివర తోక ఉంటుంది సర్. షిరోలీలో దాన్ని చౌగులే తోక అంటారు. ప్రేమగానే అంటారు సర్! చేరిన ఆరు నెలలకి పోతుంది. నాది కూడా అలాగే పోయింది." గొంతు తగ్గించి అన్నాడు. "ఈసారి మాత్రం నా చేతుల్లో లేదు సర్. ముందు యంత్రం ఒప్పుకోవాలి. దానికి మీరెవరో తెలియదు కదా."

ఊరంతటికీ తెలిసిన వేళాకోళం నా ఒక్కడి చెవిన మాత్రం పొగడ్తగా పడుతూ వచ్చిందన్నమాట.

మర్నాడు తరగతిలో నామం వద్దన్నాను. ఊరికే వెయ్యమన్నాను. సమీర్ చెయ్యి సగంలో ఆగిపోయింది. నిజం ప్లేటయితే అక్కడ చిల్లు పడేది. ఇంకొకడు పెళ్లి బ్యాండు పాట పాడుకుంటూ వేశాడు, గీత అటూ ఇటూ చిందులేసింది. ప్రాజక్తకి అరవై నాలుగు నుంచి యాభై ఎనిమిదికి దిగింది. నేర్పినప్పుడు ఎంత తేలిగ్గా ఎక్కిందో, మరిపించబోతే అంత గట్టిగా పట్టుకుంది. నేను కూడా ప్రయత్నించాను. నామం లేకపోతే నా చెయ్యి వేరే ఎవరిదో అయినట్టుంది.

ఆదివారం పూజ దగ్గర కూర్చున్నాను గాని మనసు నిలవలేదు. విఠోబా ఎప్పటిలాగే నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి ఉన్నాడు. 'స్వామీ, నీ పేరు పలికిస్తూ పని నేర్పితే పుణ్యమనుకున్నాను. ఇన్నాళ్లూ నీ పేరును గడియారంగా వాడుకున్నానా? ఆ గడియారానికైనా సరిగ్గా కీ ఇవ్వలేదా?' అని అడిగాను. ఆ చేతులు అలా నడుం మీద ఉండటం చూస్తే, ఇంకా ఎంతసేపటికి తెలుసుకుంటావని ఎదురుచూస్తున్నట్టే అనిపించింది.

"అసలు మీరు ఎలా చెబుతారో నాకోసారి వినిపించండి" అంది వత్సల, మెంతికూర తుంచుతూ.

నేను పీట మీద వేళ్లతో తాళం వేస్తూ చెప్పాను. నెమ్మదిగా మొదలుపెట్టి, ఊపందుకొని, చివరికి గబగబా ముగించాను. మా ఆవిడ కూర వదిలేసి నవ్వింది.

"ఇది ధావా కదండీ! దిబ్బ ఎక్కాక గుడి శిఖరం కనిపించిందని అందరం పరుగు పెడతాం చూడండి, అది!"

"అవును. దిండీ అలాగే కదా ముగిసేది."

"ఎక్కడ ముగిసింది? పరుగయ్యాక ఊళ్లోకి వెళ్లి ఏం చేశాం?"

"ఏం చేశాం?"

"వరుసలో నిలబడ్డాం! పొద్దున నిలబడితే మర్నాటికి గాని ఆయన పాదాలు దొరకలేదు. నా కాళ్లు వాచిపోయాయి. ఒక్కో అడుగూ, ఒక్కో అడుగూ. వెనకావిడ తోస్తుంటే మీరే అన్నారు, 'తోయకు మావులీ, అందరికీ దొరుకుతాడు' అని. మీ అతుక్కి పరుగుంది గాని వరుస లేదండీ."

మావులీ అంటే అమ్మ. పండరి దారిలో ఆడా మగా చిన్నా పెద్దా ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. ప్రతి ఏడూ ఆ వరుసలో నిలబడినవాణ్ణి, ప్రతి ఏడూ తిరిగొచ్చి పిల్లలకి పరుగు మాత్రమే నేర్పాను. పరుగంటే అందరికీ ఇష్టం. వరుస గురించి ఎవరు గొప్పలు చెప్పుకుంటారు?

సోమవారం పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. "నేను మీకు సగమే నేర్పాను. మిగతా సగం నిన్న మా ఆవిడ నాకు నేర్పింది. చివరి అంగుళం వచ్చిందంటే గుళ్లో వరుసలోకి వచ్చినట్టు. అక్కడ నామం కూడా అడుగులో అడుగేస్తుంది. కొసకు చేరాక ఒక క్షణం ఆగాలి, గుంట నిండాలి, అప్పుడు రాడ్ ఎత్తాలి. దర్శనం అయ్యాక దణ్ణం పెట్టకుండా వచ్చేస్తామా?"

"మేం ఆ వరుసలో ఎప్పుడూ నిలబడలేదు కదా సర్?" అన్నాడు సమీర్.

"రేషన్ షాపు దగ్గర నిలబడ్డావా?"

"నెలనెలా సర్!"

"అదే అనుకో."

ఆ రోజు నుంచి యంత్రం దగ్గర ఒకటే గోల. ఎవడు హెల్మెట్ పెట్టుకున్నా, చివరికొచ్చేసరికి మిగతావాళ్లు చుట్టూ చేరి "తోయకు మావులీ! తోయకు!" అని అరిచేవాళ్లు. ఒకరి తర్వాత ఒకరు డెబ్బై దాటడం మొదలుపెట్టారు. ప్రాజక్త డెబ్బై దగ్గర ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి ఊగిసలాడింది. నేను మాత్రం అరవై ఎనిమిది దాటలేదు. ఖోత్ వస్తే నన్ను ఉద్యోగంలోకి తీసుకోడని దాని అర్థం.

"ఇంకో రెండే సర్" అని పిల్లలు నా భుజం తట్టినంత పని చేశారు.

ఖోత్ వచ్చాడు. వాణ్ణి నువ్వు అనాలో మీరు అనాలో తేలక, "టీ తాగుతారా" అని మొదలుపెట్టి "తాగరా" అని ముగించాను. వాడికో అలవాటుంది. ఎంచుకున్నవాడికి ఎంచుకున్నానని చెప్పడు. బూటు సైజెంత అని అడుగుతాడు. కంపెనీ బూట్లు ఇచ్చేది లోపలికి తీసుకున్నవాళ్లకే మరి.

మధ్యాహ్నానికల్లా తొమ్మిది మందిని ఆ మాట అడిగాడు. ఇద్దరు యంత్రం దగ్గరే ఆగిపోయారు. ఒకడు బెంచీ మీద తల వంచుకొని కూర్చున్నాడు. రెండోవాడు మళ్లీ వస్తానని ధైర్యంగా చెప్పి, మరుగుదొడ్డి వెనక్కి వెళ్లి ఏడ్చాడు. ఆ ఇద్దరూ నా పరుగు బాగా ఒంటబట్టినవాళ్లు. యంత్రం మీద కోపం తెచ్చుకుందామని చూశాను గాని, అది నా దాకా వచ్చి ఆగిపోయింది.

చివర మిగిలింది ప్రాజక్త. హెల్మెట్ పెట్టుకుంది. తెర మీద గీత మొదట్లోనే ఒకసారి వంకర తిరిగింది. అక్కడ పోయిన మార్కులు పోయాయి. మధ్యలో సర్దుకుంది. చివరి అంగుళం వచ్చేసరికి వెనక నుంచి ఎవరో ఉండబట్టలేక "తోయకు మావులీ" అన్నారు. గీత లేవలేదు. కొసన ఆగింది.

డెబ్బై ఒకటి.

"వెనకాల ఏదో అంటున్నారే, ఏమిటది?" అన్నాడు ఖోత్.

"వెల్డింగ్ భాష సర్" అన్నాడు సమీర్.

ఇక నిజం ప్లేటు. ప్రాజక్త నిప్పు ముందు బొమ్మలా నిలబడి అతుకు వేసింది. ఆ పిల్లకి నిప్పంటే ఎప్పుడూ భయం లేదు. భయపడింది మార్కులకే. ఖోత్ పెచ్చు రాలగొట్టి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకొని, అతుకు మొదలు చూడకుండా నేరుగా చివరికి వెళ్లాడు. వేలితో తడిమాడు. ప్లేటును వెలుతురుకి తిప్పాడు. మళ్లీ తడిమాడు.

"గ్రైండర్ పెట్టావా?" అన్నాడు అనుమానంగా.

"మీ ఎదురుగానే వేశాను కదా సర్. గ్రైండర్ ప్లగ్గు కూడా పెట్టలేదు."

ఖోత్ ప్లేటు పట్టుకొని నా వైపు చూశాడు, పిల్లల వైపు చూశాడు. "ఇక్కడ కొత్తగా ఎవరైనా చెబుతున్నారా? ఈ చివర వెయ్యడం మీకెవరు నేర్పారు?"

యంత్రం అని చెబుదామా, మా ఆవిడ అని చెబుదామా, నేనేనని చెప్పి ఊరుకుందామా అని ఆలోచిస్తూ నేను గొంతు సవరించుకున్నాను. మూడోదానివైపే మొగ్గుతున్నాను. ఈలోగా ప్రాజక్త అందుకుంది.

"మా సారే నేర్పారు సర్. రెండుసార్లు నేర్పారు."

తరగతంతా ఘొల్లుమంది. యంత్రం వచ్చిన రోజు దాచుకున్న నవ్వంతా అప్పుడు నవ్వారు. ఖోత్ కూడా నవ్వుతూ ప్లేటు బల్ల మీద పెట్టాడు.

"అదృష్టవంతులే. మాకు ఒక్కసారే నేర్పారు" అన్నాడు. తర్వాత ఆ పిల్ల కాళ్ల వైపు చూసి, కంపెనీలో అంత చిన్నవి ఉన్నాయో లేవో అన్నట్టు తల గోక్కొని అడిగాడు.

"నీ బూటు సైజెంత?"